రాయి లేని సీమలో కాపరి పాక

మానవుడు ఇల్లు కట్టుకొనే వేళ మొట్టమొదట తన కాలి క్రింది నేలను చూచుకుంటాడు. చేతికి అందిన వస్తువుతోనే గోడ లేపుతాడు. దానితోనే కప్పు వేస్తాడు. రాజులు దూరదేశాలనుండి చలువరాళ్లు తెప్పించి సౌధాలు కట్టించి ఉండవచ్చును గాని, పశువుల వెంట తిరిగే కాపరికి అట్టి అవకాశం ఎన్నడూ లేదు. మంద ఎక్కడ ఆగితే అక్కడే అతనికి రాత్రి గడవాలి. అందుచేత ఒక సీమ స్వభావం తెలుసుకొనగోరేవారు అక్కడి కోటలకన్న ముందుగా కాపరుల పాకలను పరిశీలించడం మంచిది. ఆ నేల ఏమి ఇస్తుందో, ఏమి ఇవ్వదో ఆ పాకలలో దాపరికం లేకుండా కనిపిస్తుంది.

లోకంలో పలుచోట్ల కాపరి కుటీరం రాతితోనో, కొయ్యతోనో కట్టినదై ఉంటుంది. మధ్యధరా సముద్రంలోని క్రీట్ ద్వీపంలో ఇడా పర్వతం మీద గొర్రెలకాపరులు కట్టుకొన్న గుండ్రని రాతి ఇండ్లు నేటికీ నిలిచి ఉన్నవి. వాటిని అచ్చటివారు ‘మితాతో’ అంటారు. సున్నం లేదు, బురద లేదు. పలకరాళ్లను వరుస మీద వరుసగా, ప్రతి వరుసనూ కొంచెం లోపలికి జరుపుతూ పేర్చుకొని పోతారు. పైకి పోయినకొద్దీ ఆ గుండ్రం సన్నమై గుమ్మటంగా మూసుకుంటుంది. నడినెత్తిని విడిచిన రంధ్రం గుండా పొగ వెలుపలికి పోతుంది, వెలుగు లోపలికి వస్తుంది. ఆ ఇంటిలో కాపరులు వేసవి గడిపి, పాలతో జున్ను తయారు చేసుకొనేవారు.

ఐరోపాలోనే స్లొవేనియా దేశంలో ‘వెలికా ప్లానినా’ అనే ఎత్తైన పచ్చికబయలు కలదు. అచ్చటి కాపరుల ఇండ్లు కొయ్యవి. జూన్ మాసంలో పశువులతో కొండ ఎక్కిన కాపరులు సెప్టెంబరులో దిగిపోతారు. ఆ ఇండ్ల పాత పద్ధతి చూడదగినది. నడుమ కాపరికి ఒక చిన్న గది. దాని చుట్టూ పశువులు నిలిచే చోటు. ఈ రెండింటినీ కప్పుతూ చిన్న చిన్న కొయ్యపలకలతో నేసిన పెద్ద కప్పు. ఆ కప్పు అంచు దాదాపు నేలకు తగులుతుంది. దూరమునుండి చూచేవారికి గోడ కనిపించదు, కప్పే కనిపిస్తుంది.

మన రాష్ట్రంలోనే రాయలసీమకు పోతే రాతి వైభవం మరొక తీరున ఉంటుంది. కడప, బేతంచర్ల ప్రాంతాలలో నేలను తవ్వితే పలకలుగా విడివడే బండలు దొరుకుతవి. గోడకు బండ, నేలకు బండ, కప్పుకూ బండే. మందను తోలే దొడ్డికి సైతం చేలలో ఏరిన రాళ్లను గోడగా పేర్చి, పైన ముళ్లకంప కప్పుతారు. ఆ కాపరికి రాయి వెదకవలసిన వస్తువు కాదు; తొలగించుకొనవలసిన వస్తువు.

ఇక గోదావరి మండలానికి వద్దాము. ఇక్కడి కాపరి ఏమి పేర్చుకొనగలడు?

ఒండ్రు నేల

పాపికొండల నడుమనుండి వెలువడిన గోదావరి రాజమహేంద్రవరం దాటి, ధవళేశ్వరం వద్ద చీలి, గౌతమిగా వసిష్ఠగా సముద్రానికి సాగుతుంది. ఈ పాయల నడుమనున్న కోనసీమ యావత్తూ నది తెచ్చి పోసిన ఒండ్రు. నాగలికి గాని, గడ్డపారకు గాని రాయి తగలదు. ధవళేశ్వరం కొండలను వెనుక విడిచి దక్షిణముగా నడచిన బాటసారికి సముద్రపు ఒడ్డు వరకు కొండ అనేది కనిపించదు.

అందుచేత ఈ సీమలో రాయి దేవునికీ, నదికీ మాత్రమే దక్కిన వస్తువు. తూర్పు చాళుక్యుల కాలమునాటి ద్రాక్షారామ భీమేశ్వరాలయానికి రాతిని బయటినుండి తరలించవలసి వచ్చినది. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరం ఆనకట్టకు ఆ ఊరి కొండనుండే రాయి తీశారు. చేరువలో కొండ ఉండడం ఆ పనికి గొప్ప సౌకర్యమైనది. ఇంతకు మించి సామాన్యుని ఇంటికి రాయి రాలేదు. సంపన్నులు మట్టినే ఇటుకలుగా, పెంకులుగా కాల్చి మండువా లోగిళ్లు కట్టుకొన్నారు. పేదవాడు అదే మట్టిని కాల్చకుండా గోడ పెట్టుకొన్నాడు. కాపరికి కొన్ని వేళల ఆ మట్టిగోడ సైతం ఎక్కువే.

అయితే ఈ నేల రాయిని ఇవ్వకపోయినా వేరే మూడింటిని ఇచ్చినది. ఒకటి, ఎంత తవ్వినా తరగని బంకమట్టి. రెండు, చేల గట్ల మీద బారులు తీరిన తాటిచెట్టు. మూడు, ఎగువ మన్యమునుండి నది మీద తెప్పలుగా కట్టుకొని రాజమహేంద్రవరానికి దింపిన వెదురు, కలప. క్రీట్ కాపరికి పలకరాయి ఎట్టిదో, గోదావరి కాపరికి తాటాకు అట్టిది.

తాటిచెట్టు ఇచ్చిన ఇల్లు

ఒక్క తాటిచెట్టు ఇంచుమించు ఒక పాకను సంపూర్ణంగా సమకూర్చగలదు. ముదిరిన చెట్టు మ్రానులో వెలుపలి భాగం నల్లగా ఇనుమువలె గట్టిపడి ఉంటుంది. లోపలి భాగం మెత్తని దూది. లోపలి మెత్తదనాన్ని తొలిచివేసి, పై చేవను చీలిస్తే దూలమూ, వాసాలూ, గుంజలూ వస్తవి. అట్లే తొలిచిన మ్రానును నీటి దోనెగా వాడుతారు. రెండు దోనెలను జతకట్టి కాలువలు దాటే సంగిడిగా కూడ చేసుకొనేవారు. ఆకు కప్పునకు, మట్ట దడికి, మట్టనుండి తీసిన నార కట్టుకు ఉపయోగం. మేకు గాని, ఇనుప తీగ గాని అవసరం లేకుండానే ఇల్లు పూర్తవుతుంది.

పాక వేసే క్రమం ఇట్టిది. ముందుగా చుట్టూ మన్ను తవ్వి నడుమ పోసి, మిట్ట చేస్తారు. పల్లపు సీమలో ఇది మొదటి జాగ్రత్త. గొర్రెకు తడి నేల పరమ శత్రువు. బురదలో నిలిచిన మందకు గిట్టలు చెడి కుంటుతనం వస్తుంది. మిట్ట మీద ఇసుక, బూడిద పరచి తొక్కిన పిమ్మట నడుమ నిట్రాట పాతుతారు. కప్పు బరువునంతా మోసే మూల స్తంభానికి నిట్రాట అని పేరు. రెండు నిట్రాటల మీద వెన్నుగాడి అనే నడి దూలాన్ని ఎత్తి, దానినుండి ఇరుప్రక్కలా వాసాలు జారవిడిచి, వాసాలకు అడ్డంగా వెదురు బద్దలు కట్టుతారు. ఆ పిమ్మట నేత మొదలవుతుంది.

గోదావరి సీమలో పాకను ‘కప్పుతారు’ అనడంకన్న ‘నేస్తారు’ అనడం వాడుక. ఆ మాట యథార్థమైనది. ఎండకాలం ఆరంభంలో ఆకు కోసి, ఆరవేసి, ఒకదానిపై ఒకటి పేర్చి బరువు పెట్టి సాపు చేస్తారు. నారను నీటిలో నానవేస్తారు. నేతగాడు చూరునుండి ఆరంభించి పైకి పోతాడు. ప్రతి వరుసా క్రింది వరుసను సగానికి పైగా కప్పాలి. అడుగున మొదలుపెట్టడంలో రహస్యం ఏమనగా, పైవరుసమీద పడిన చినుకు క్రింది వరుస వీపు మీదికే జారుతుంది గాని సందులోనికి పోదు. కప్పు వాలు ఎక్కువగా ఉంటే నీరు నిలువదు. వాలు తక్కువైతే ఆకు నాని కుళ్లుతుంది. చివరకు కొప్పు మీద రెట్టింపు ఆకు వేసి, గడ్డి పరచి, నారతో బిగిస్తారు. ఇట్లు నేసిన కప్పు రెండు మూడేండ్లు నిలుస్తుంది. ఆ పిమ్మట మరల నేయవలసిందే.

ఈ మరల నేయడాన్ని లోపంగా భావించవచ్చును. కాని దానిలో ఒక మేలు కూడ ఉన్నది. రెండు మూడేండ్లకు ఒకసారి ప్రతి పాకా విప్పబడేది; పురుగుపట్టిన వాసం, పుచ్చిన గుంజ బయటపడేవి. పెద్దవాడు కప్పుపై కూర్చొని కట్టుతూ ఉంటే, పిల్లవాడు క్రిందినుండి ఆకు అందిస్తూ ఆ విద్యను చూచి నేర్చుకొనేవాడు. ఏ బడీ, ఏ పుస్తకమూ లేకుండా నేత విద్య తరాలు దాటినది ఈ దారినే.

చుట్టిల్లు: గాలికి జవాబు

కోస్తా ఆంధ్రమునకు ప్రత్యేకమైన మరొక నిర్మాణం చుట్టిల్లు. శ్రీకాకుళం, విశాఖపట్నం మొదలుకొని కృష్ణామండలం వరకు తీరం వెంబడి ఇట్టి ఇండ్లు ఉండేవి. గోడ మట్టిది, గుండ్రనిది. బంకమట్టిలో వరిగడ్డి ముక్కలు, ఊక కలిపి, కాళ్లతో తొక్కి, వరుస మీద వరుస పెట్టుతారు. ఒక వరుస ఆరిన తరువాతనే మరొకటి. గోడకు పేడతో అలుకు, పైన సున్నం. కప్పు శంఖాకారంగా లేచి, చూరు నడుమెత్తుకన్న క్రిందికి దిగుతుంది. లోపలికి పోయేవారు వంగి పోవలసిందే. గోడకూ చూరుకూ నడుమ ఏర్పడిన గుండ్రని వసారాలో గొర్రెపిల్లలూ, లేగలూ తలదాచుకుంటవి. వెలికా ప్లానినాలోని పాత ఇంటికీ, తెలుగు తీరపు చుట్టింటికీ ఉన్న పోలిక ఇక్కడ చూడవలసినది. నడుమ మనిషి, చుట్టూ పశువు, నేలకు దిగిన కప్పు. ఒకరికి కొయ్యపలక, మరొకరికి తాటాకు. ఒకరు మంచుగాలికి వెరచారు, మరొకరు తుపానుగాలికి. ఒకరి నొకరు ఎరుగని ఇరువురు కాపరులు ఒకే ఉపాయానికి చేరుకొన్నారు.

గుండ్రని గోడకు కారణాలు రెండు. మొదటిది గాలి. చదునైన గోడ గాలికి రొమ్మిచ్చి నిలుస్తుంది. గుండ్రని గోడ దానిని ప్రక్కలకు మళ్లిస్తుంది. కప్పు ఎగిరిపోవడానికి ముఖ్య హేతువు గాలి చూరు క్రింద దూరి పైకి ఎత్తడం. చూరు నేలకు చేరువగా ఉంటే గాలి దూరే సందు తక్కువ.

రెండవ కారణాన్ని బడిపిల్లలు పలకమీదనే రుజువు చేయవచ్చును. ఒకని వద్ద నలుబది నాలుగు మూరల పొడవు గోడకు చాలిన మట్టి ఉన్నదనుకొందాము. దానితో చదరపు ఇల్లు కడితే ఒక్కొక్క ప్రక్క 11 మూరలు. లోపలి వైశాల్యం 121 చదరపు మూరలు. అదే గోడను గుండ్రంగా చుట్టితే వ్యాసార్ధం 7 మూరలు. వైశాల్యం 154 చదరపు మూరలు. మట్టి అంతే, శ్రమ అంతే. చోటు మాత్రం నాలుగవ వంతుకు పైగా పెరిగినది. చుట్టింటి గోడ పెట్టినవాడు ఈ లెక్క కాగితంమీద వేసి ఉండడు. కాని తక్కువ మట్టితో ఎక్కువ మందికి చోటు దొరకడం అతనికి అనుభవమున తెలిసినదే.

మందతో నడిచే సంవత్సరం

ఊరిలో చుట్టిల్లు గాని, పాక గాని ఉన్నప్పటికీ గొల్లకాపరి దానిలో ఉండేది సంవత్సరంలో కొన్ని మాసాలు మాత్రమే. కోస్తా గొర్రె తెలంగాణపు నల్లగొర్రె వంటిది కాదు. దానికి ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే. నెల్లూరు జాతిగా ప్రసిద్ధమైన ఈ గొర్రెలలో తెల్లనిది పల్ల, ముఖాన నల్లమచ్చలు కలది జోడిపి, ఎర్రనిది దోర. కావున ఇక్కడి కాపరి కప్పుకొనే గొంగడి కూడ తన మంద ఇచ్చినది కాదు. ఉన్ని గొర్రెల సీమనుండి వచ్చినది.

డెల్టాలో వరిసాగుకు సార్వా, దాళ్వా అని రెండు కాలాలు. సార్వా నాట్లు పడిన పిమ్మట కనుచూపుమేర నీరే. మంద నిలవడానికి జానెడు పొడినేల ఉండదు. ఆ దినాలలో మందలు మెట్టకూ, మన్యపు అంచులకూ తరలేవి. కోతలు ముగిసి చేలు ఆరిన తరువాత, అందులోనూ కాలువలు కట్టివేసిన వేసవిలో మరల పల్లానికి దిగేవి. అప్పుడు రైతే కాపరిని పిలిచి తన చేలో మంద కట్టించుకొనేవాడు. రాత్రి కొన్ని వందల గొర్రెలు ఒక మడిలో పడుకుంటే, వాటి పెంటికలూ మూత్రమూ నేలలో ఇంకి ఎరువవుతవి. మరునాటి రాత్రి ప్రక్క మడి. ఇందుకు కాపరికి ధాన్యమో, రొక్కమో ముట్టేది. రైతుకు బండి కట్టి ఎరువు తోలే పని తప్పేది.

ఈ మంద కట్టే చేలలో కాపరి వేసుకొనే పాక మరీ తేలిక. నాలుగు గుంజలు, ఒక తాటాకు తడిక, గాలి వచ్చే వైపున దడి. లోపల నులకమంచం, నీళ్లకుండ, లాంతరు. క్రొత్తగా పుట్టిన పిల్లలను నక్కలు ఎత్తుకొనిపోకుండా వెదురు గంపల క్రింద మూసేవారు. దోమలకు వేపాకు పొగ. మంద మరొక ఊరికి కదలిన నాడు గుంజలు ఊడబెరికి, తడిక చుట్టి భుజాన వేసుకొంటే పాక కూడ మందతోపాటు నడిచినట్లే. రాతి ఇల్లు ఇట్టి కాపరికి ఉచితంగా ఇచ్చినా పనికిరాదు.

ఇందులో మరొక విషయం ఇమిడి ఉన్నది. ఆ పాక నిలిచిన నేల కాపరిది కాదు. ఒక రైతు అనుమతించిన మడిలోనో, ఊరి ఉమ్మడి బంజరులోనో, కాలువగట్టునో, నదిలంకలోనో అది నిలిచేది. తాటాకు సైతం తరచుగా పరుల గట్టుమీది చెట్టునుండి అడిగి కోసుకొన్నదే. పాక నిలవడానికి మట్టీ తాడీ ఎంత అవసరమో, ఊరివారి సమ్మతి కూడ అంత అవసరం. ఆ సమ్మతి తెగిపోతే ఏమవుతుందో తెలుగు కాపరులు పూర్వమే ఎరుగుదురు. పదమూడవ శతాబ్దికి చెందిన కాటమరాజు కథ అంతా పుల్లరి తగవే. మందలతో వచ్చిన కాటమరాజునకూ, నెల్లూరి సీమను ఏలిన నల్లసిద్ధికీ మేతపన్ను విషయమై పుట్టిన పేచీ యుద్ధంగా పరిణమించినది. పచ్చిక ఎవరిది, ఏ షరతుపై మేపుకొనవచ్చును అనే ప్రశ్న గొల్లలకు ప్రాణంతో సమానమైనదని ఆ వీరగాథ వలన తెలుస్తున్నది.

నీరు వచ్చినది, పచ్చిక పోయినది

ధవళేశ్వరం ఆనకట్ట గోదావరి మండలాలను కరవు కోరలనుండి తప్పించినది. నేడు ఆ పాత ఆనకట్ట స్థానంలోనున్న బారేజి క్రింద సుమారు 10 లక్షల ఎకరాలు సాగవుతున్నవి. దాని మేలు ఎంత చెప్పినా తరగదు. అయితే కాలువ నీరు పారిన ప్రతి ఎకరమూ నాగలి క్రిందికి వచ్చినది. అంతవరకు పశువులు మేసిన బీడులు వరిచేలయినవి. వరిగడ్డి పెరిగినందున పాడిపశువులకు మేత దొరికినదే గాని, నడచి మేసే గొర్రెకు నడిచే చోటు తగ్గినది. కాపరికి మిగిలినవి కాలువగట్లు, లంకలు, పంటకూ పంటకూ నడుమనున్న కొద్ది కాలం.

దాళ్వా విస్తరించిన కొలదీ ఆ నడిమి కాలం కూడ కుదించుకొనిపోయినది. 1980 తరువాత పశ్చిమ గోదావరిలోనూ, కోనసీమ తీరంలోనూ చేపల చెరువులూ రొయ్యల చెరువులూ వ్యాపించినవి. చేను చెరువైన చోట మంద కట్టించుకొనే రైతు లేడు. గట్లు తవ్విన చోట గట్లమీది తాటిచెట్లూ లేవు. ఒకే మార్పుతో కాపరికి చోటూ పోయినది, కప్పూ పోయినది.

పాక లోపాలు

పాకను పొగడుతూ దాని లోపాలను దాచడం న్యాయం కాదు. మొదటిది అగ్నిభయం. ఎండిన తాటాకుకు ఒక్క నిప్పురవ్వ చాలు. వేసవి గాలిలో ఒక పాక అంటుకొంటే వరుస వరుసంతా బూడిద కావడం గోదావరి పల్లెలు చిరకాలంగా చూచిన దుఃఖమే. రెండవది వరద. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు పెరిగినది, లంకలు మునిగినవి. 2022 జూలైలో మరల 71.3 అడుగులు దాటినది. లంకవాసులు వరద సూచన తెలియగానే పశువులను పడవలమీద గట్టుకు చేర్చుకుంటారు. మట్టిగోడ మాత్రం నీటిలో నానితే నిలువదు.

మూడవది తుపాను. చుట్టిల్లు గాలిని కొంతవరకే మళ్లించగలదు. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకొనిపడిన ఉప్పెన ముందు ఏ పాకా నిలువలేదు. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపానులో వేయిమందికి పైగా మరణించారు, కొబ్బరితోటలు నేలకొరిగినవి. ఈ అనుభవాల తరువాత తీరం వెంబడి కాంక్రీటు తుపాను రక్షణగృహాలు నిర్మించడం, 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడడం, పేదలకు పక్కా ఇండ్లు మంజూరు కావడం ఎంతో అవసరమైన పనులు. ఉప్పెనవేళ తల్లి బిడ్డతో పరుగెత్తవలసినది కాంక్రీటు మేడకే. తాటాకు పాకకు కాదు. పాకలో ఉండేవారిని పాకలోనే ఉండుమని బోధించే హక్కు మేడలో ఉండేవారికి లేదు.

అయినప్పటికీ ఒక సంగతి గమనింపదగినది. పాక స్థానంలో అన్ని చోట్లా కాంక్రీటు రాలేదు. చాలచోట్ల సిమెంటు రేకు వచ్చినది. రేకు క్రింద మిట్టమధ్యాహ్నం మనిషి గాని, పశువు గాని నిలువలేదు. అదే సమయంలో దళసరి తాటాకు క్రింద చల్లగా ఉంటుంది. ఆకుల నడుమ చిక్కుకొన్న గాలి ఎండవేడిని లోనికి రానీయదు. తుపానులో ఊడి ఎగిరిన రేకు కత్తివలె ప్రమాదకరం. ఎగిరిన తాటాకు అంతటి అపాయం చేయదు. ప్రాణరక్షణకు పక్కా ఇల్లు, పశువులకూ పగటి విశ్రాంతికీ తాటాకు నీడ అని రెండింటినీ జతపరచుకొనవచ్చును. కొన్ని రైతుల మకాములలో పశువుల సావిడికి నేటికీ తాటాకే నేయించడం ఇందుకు తార్కాణం.

నిలుపుకొనదగినది

వెలికా ప్లానినా చరిత్ర ఇక్కడ మరల ఉపకరిస్తుంది. రెండవ ప్రపంచయుద్ధపు చివరి రోజులలో, 1945లో, జర్మను సేనలు అచ్చటి కాపరుల ఇండ్లను తగులబెట్టినవి. యుద్ధం ముగిసిన పిమ్మట కాపరులు తిరిగి వచ్చి మరల కట్టుకొన్నారు. పాత గుండ్రని తీరు చాలవరకు మారినది. ఆ తీరున నిలుపుకొన్న ఒక ఇంటిని ప్రదర్శనశాలగా ఉంచారు. ఇండ్లు కాలిపోయినా కాపరులు మరల రావడానికి కారణం వారికి ఆ పచ్చికపై హక్కు మిగిలి ఉండడమే. పశువు మేయడానికి చోటున్నంతకాలం ఇల్లు ఎన్నిసార్లయినా లేస్తుంది. గోదావరి పాకకు మరల నేయడం క్రొత్త కాదు. రెండు మూడేండ్లకు ఒకసారి చేసిన పనే. మరల నేయడానికి ఆకూ, నిలపడానికి గట్టూ లేకపోవడమే నేటి చిక్కు.

కావున కాపరి పాకను గూర్చి చింతించేవారు ముందుగా కాలువగట్లను గూర్చీ, ఊరి బంజర్లను గూర్చీ, గట్లమీది తాటిచెట్లను గూర్చీ చింతించవలసి ఉన్నది. తాటిచెట్టు ఎదిగి మ్రాను చేవదేలడానికి ఒక తరం పడుతుంది. ఈనాడు టెంక పాతినవాని మనుమడు దాని దూలం వాడుకుంటాడు. అట్టి చెట్టును ఒక్క పూటలో కూలద్రోయడం సులభం.

పాఠశాలలు చేయగలిగిన పని కూడ ఒకటి కలదు. రాతి కట్టడాలకు శాసనాలున్నవి, పురావస్తుశాఖ రక్షణ ఉన్నది. ఆకు ఇంటికి అట్టి రక్ష ఏదీ లేదు. విప్పిన మరునాడు దాని గుర్తు నేలపై మిగలదు. గోదావరి పల్లెలలో మిగిలిన కొద్ది చుట్టిండ్లనూ, పాకలనూ విద్యార్థులు కొలత వేసి పటం గీయవచ్చును. నిట్రాట ఎత్తెంత, చూరు నేలకు ఎన్ని జానల దూరం, వాసాలు ఎన్ని, నార కట్టు ఎట్టిది అని వ్రాసుకొనవచ్చును. ప్రతి భాగానికీ ఆ ఊరి వారు వాడే పేరేమిటో నేతపని తెలిసిన వృద్ధులనే అడిగి తెలుసుకొనవచ్చును. ఒక్కొక్క మాట నాలుగు కోసుల దూరంలో మారుతుంది. గణితం చెప్పే ఉపాధ్యాయుడు వృత్త వైశాల్యాన్ని చుట్టింటి గోడ వద్ద నిలబెట్టి బోధిస్తే, ఆ పాఠం పిల్లలకు వేరుగా వల్లెవేయవలసిన అగత్యం ఉండదు.

దీనికి తగిన కాలం వేసవి సెలవులు. నేతపని జరిగేది అప్పుడే; పాక విప్పి ఉంటుంది గనుక, కప్పు క్రింద దాగిన కట్టు అంతా కంటికి కనిపిస్తుంది. తొలకరి పడేలోగా కొప్పు మూసివేస్తారు.